మనిషి కణాల మీద న్యూజీసీ కనిపించింది, నిజమేనా? 2822.4 పీక్ గురించి సలహా కావాలి

స్వాతిచినుకు | సోమవారం, రాత్రి 10:12

అందరికీ నమస్కారం. విశాఖలో పీహెచ్‌డీ మూడో ఏడు. మనిషి పెద్దపేగు కేన్సర్ కణాల ఉపరితలం మీద ఉండే చక్కెర గొలుసులు, అంటే గ్లైకాన్లు, నా టాపిక్. మా దగ్గర మాల్డీ (అణువుల బరువు తూచే) మెషీన్ లేదు. అందుకని శాంపిళ్ళు ఆరబెట్టి, ట్యూబులు స్టీలు టిఫిన్ డబ్బాలో సర్దుకుని, గోదావరి ఎక్స్‌ప్రెస్‌లో హైదరాబాద్ వెళ్ళి, వేరేవాళ్ళ ల్యాబ్‌లో నాలుగు గంటల స్లాట్ తీసుకుని రన్ చేసుకొచ్చాను.

కోటి కణాలు తీసుకుని పగలగొట్టాను. ప్రొటీన్లను ట్రిప్సిన్‌తో ముక్కలు చేసి, పీఎన్‌గేజ్ ఎఫ్ అనే ఎంజైమ్ వేసి రాత్రంతా 37 డిగ్రీల దగ్గర ఉంచితే ఆస్పరజిన్ మీద ఉన్న గొలుసులు ఊడి వచ్చాయి. వాటిని పర్‌మిథైలేషన్ చేసి (హైడ్రాక్సిల్ లాంటి చోట్ల మిథైల్ ఎక్కించి), డీహెచ్‌బీ అనే మాట్రిక్స్ పొడితో ప్లేటు మీద చుక్క పెట్టాం.

2792.4 బరువు దగ్గర మంచి పీక్ వచ్చింది. రెండు కొమ్మలు, రెండు చివర్లా సియాలిక్ ఆసిడ్ అనే ఆమ్ల చక్కెర ఉండే మామూలు గ్లైకాన్ ఇది. గొడవంతా పక్కవాటితోనే. 2822.4 దగ్గర దాంట్లో ఐదో వంతు ఎత్తున ఇంకోటి ఉంది, 2852.4 దగ్గర ఇంకా చిన్నది. ఫ్యూకోజ్ ఉన్న 2966.5కి కూడా పక్కన 2996.5 ఉంది. అన్నీ 30 తేడాలే. సాఫ్ట్‌వేర్‌లో వేస్తే అది న్యూజీసీ అంటోంది, అంటే జంతువుల్లో ఉండే రకం సియాలిక్ ఆసిడ్; మనిషిలో మామూలుగా ఉండేది న్యూఏసీ. మనిషికి న్యూజీసీ తయారుచేసే ఎంజైమే లేదని కదా చదువుకున్నాం! కేన్సర్ కణం కాబట్టి కొత్తగా తయారుచేస్తోందా? గైడ్ గారికి చెప్పే ముందు ఇక్కడ అడుగుదామనిపించింది. రెండు రోజులుగా నిద్ర లేదు, సంతోషమో టెన్షనో నాకే తెలియట్లేదు.

బడిపంతులు | సోమవారం, రాత్రి 10:40

నేను హైస్కూల్లో జీవశాస్త్రం చెబుతాను. అడ్డం వస్తున్నానేమో, క్షమించాలి. కణం మీద చక్కెర ఏమిటండీ? షుగర్ వ్యాధిలో చూసే చక్కెరేనా? దాన్ని ఎలా తూస్తారు?

ల్యాబన్న | సోమవారం, రాత్రి 11:25

మాస్టారూ, అడ్డం ఏమీ కాదు. గ్లూకోమీటర్ చూసేది రక్తంలో విడిగా తిరిగే గ్లూకోజ్‌ని. వీళ్ళు చూసేవి వేరు. ప్రతి కణం పైపొరలోని ప్రొటీన్లకీ కొవ్వులకీ చక్కెర గొలుసులు అతుక్కుని బయటికి నిక్కి ఉంటాయి, పనసకాయ మీద ముళ్ళలాగా. పిల్లలకి చెప్పడానికి బ్లడ్ గ్రూప్‌కి మించిన ఉదాహరణ లేదు. ఎర్రరక్తకణం మీది గొలుసు చివర గాలాక్టోజ్ ఉంటే బి గ్రూపు, అదే చోట ఎన్-అసిటైల్ గాలాక్టోజమీన్ ఉంటే ఎ గ్రూపు. రెంటి మధ్య తేడా 41 డాల్టన్లే (డాల్టన్ అంటే అణువుల బరువుకి కొలత). రెండూ లేకుండా కింద ఫ్యూకోజ్‌తో ఆగిపోతే ఓ గ్రూపు. ఆ ఫ్యూకోజ్ కూడా లేకపోతే 1952లో డాక్టర్ భెండే బృందం బొంబాయిలో గుర్తించిన బాంబే గ్రూపు. వాళ్ళకి ఓ రక్తం కూడా పనికిరాదు.

తూయడం అంటారా, మాల్డీలో శాంపిల్‌ని ఒక పొడితో కలిపి పలక మీద ఆరబెడతాం. లేజర్ తగలగానే అణువులు విద్యుదావేశంతో పైకి లేచి ఒక గొట్టంలో పరిగెడతాయి. తేలికవి ముందు చేరతాయి, బరువైనవి వెనక. చేరిన టైమును బట్టి బరువు తెలుస్తుంది. అయితే ఈ త్రాసుకి ఒక గుడ్డితనం ఉంది. గ్లూకోజ్, గాలాక్టోజ్, మానోజ్ మూడూ గొలుసులో 162 డాల్టన్లే. కిలో బియ్యం, కిలో ఉప్పు, కిలో మేకులు సంచుల్లో కట్టి ఇస్తే, తూకం చూసి ఏ సంచిలో ఏముందో చెప్పగలరా? అదే మా కష్టం.

బోస్టన్‌బాబాయ్ | మంగళవారం, ఉదయం 6:03

స్వాతి గారూ, కణాల్ని దేంట్లో పెంచారు? పది శాతం ఫీటల్ బోవైన్ సీరమ్ అయితే అక్కడే ఆగండి. అది దూడ సీరమ్. దూడకి న్యూజీసీ పుష్కలంగా ఉంటుంది. మన కణాలు దాన్ని మింగి, లోపల విరగ్గొట్టి, ఆ న్యూజీసీని తమ గొలుసుల చివర తగిలించుకుంటాయి. తయారుచేసుకోలేవు గానీ, దొరికితే వాడుకుంటాయి.

ఇది కొత్త సంగతేమీ కాదు. వెల్లూరు సీఎంసీలో చదివి శాన్ డియాగోలో స్థిరపడిన అజిత్ వర్కీ బృందం దీనిమీద ఏళ్ళ తరబడి పనిచేసింది. మనిషిలో న్యూజీసీ తయారుచేసే ఎంజైమ్ తాలూకు సీఎంఏహెచ్ అనే జన్యువు పాడైపోయిందని 1998లో తేలింది. చింపాంజీకి ఉంది, మనకి లేదు. 2005లో వాళ్ళే ఇంకొకటి చూపించారు: జంతు సీరమ్‌లో, ఎలుక కణాల పరుపు మీద పెంచిన మానవ మూలకణాల మీద కూడా న్యూజీసీ ఉందని. నేను ఇక్కడ యాంటీబాడీ మందుల తయారీలో ఉన్నాను, మాకు ఇది రోజూ ఉండే తలనొప్పి. కాబట్టి ‘కేన్సర్ కణం కొత్తగా తయారుచేస్తోంది’ అన్న మాట గైడ్ గారి దగ్గర అనకండి.

గుంటూరుఘాటు | మంగళవారం, ఉదయం 8:15

అంటే మటన్ తింటే మన కణాల మీదకి కూడా వస్తుందా బాబాయ్? ఆదివారం నాటుకోడికి మారిపోవాలా 😄

బోస్టన్‌బాబాయ్ | మంగళవారం, ఉదయం 8:31

నవ్వులాటకి అడిగినా ప్రశ్న మంచిదే. గొర్రె, పంది, గొడ్డు మాంసాల్లో ఉంటుంది. తిన్నదాంట్లోంచి కొంచెం మన ఒంట్లో చేరుతుందని 2003లోనే చూపించారు. పక్షులకి ఆ ఎంజైమ్ లేదు, కాబట్టి కోడికి ఆ పేచీ లేదు. దానివల్ల జబ్బు ఎంతవరకు వస్తుందన్నది వేరే చర్చ, ఇక్కడ మొదలుపెట్టకండి.

పాతత్రాసు | మంగళవారం, రాత్రి 9:50

బాబాయ్ గారు తొందరపడ్డారు. సీరమ్ దాకా వెళ్ళే ముందు అసలు అక్కడ న్యూజీసీ ఉందా లేదా తేలాలి కదా.

అమ్మా స్వాతీ, ఒక్క పని చెయ్యి. అదే స్పెక్ట్రమ్‌లో 1579.8 చూడు. మానోజ్ ఐదు ఉన్న గొలుసు. దాంట్లో సియాలిక్ ఆసిడే లేదు. ఇప్పుడు 1609.8 దగ్గర ఏమైనా ఉందేమో పెద్దది చేసి చూడు. ఉంటే నీ 30 తేడా న్యూజీసీ వల్ల వచ్చింది కాదు, కనీసం పూర్తిగా కాదు.

ఎందుకో చెబుతాను. న్యూఏసీకీ న్యూజీసీకీ తేడా ఒక్క ఆక్సిజన్, 16. పర్‌మిథైలేషన్ చేస్తే ఆ అదనపు హైడ్రాక్సిల్‌కి కూడా ఒక మిథైల్ ఎక్కుతుంది, ఇంకో 14. మొత్తం 30. సరిగ్గా ఇదే బరువుతో పర్‌మిథైలేషన్‌లో ఒక మురికి పుడుతుంది. మిథైల్ ఎక్కాల్సిన చోట మిథాక్సీమిథైల్ ఎక్కుతుంది. అదీ 30నే. దశాంశాలతో సహా 30.01, ఒకే పరమాణువుల లెక్క. ఎన్ని కోట్లు పోసి మెషీన్ కొన్నా బరువుతో ఈ రెంటినీ విడదీయలేవు. 2005లో దీనిమీద పేపర్ వచ్చాక కూడా నేను ఏడాదికి ఇద్దరు ముగ్గురు పిల్లల్ని ఈ గుంటలోంచి లాగుతూనే ఉన్నాను.

ఇంకో మాట, కోపం తెచ్చుకోకు. నీ టాపిక్‌లో ‘కణ ఉపరితలం’ అని ఉంది. కానీ నువ్వు కణాన్ని మొత్తం పగలగొట్టావు. స్పెక్ట్రమ్‌లో అన్నిటికన్నా పెద్ద పీకులు 1579.8, 1783.9, 1988.0, 2192.1, 2396.2 అయి ఉంటాయి. అవునా కాదా?

స్వాతిచినుకు | మంగళవారం, రాత్రి 10:20

అవును సార్. అవే పెద్దవి. మీకెలా తెలిసింది?

పాతత్రాసు | మంగళవారం, రాత్రి 10:44

204 చొప్పున మెట్లెక్కుతున్నాయి కదా, అవి ఐదు నుంచి తొమ్మిది మానోజ్‌ల గొలుసులు. ఎక్కువ భాగం కణం లోపల, ఎండోప్లాస్మిక్ రెటిక్యులంలో ఇంకా తయారవుతున్న ప్రొటీన్లవి. ఇంకా వంట కానివి. బయటికి వచ్చేలోపు గాల్జీ అనే కణభాగంలో వీటి మానోజ్‌లు కోసేసి, గాలాక్టోజ్, సియాలిక్ ఆసిడ్ లాంటివి చేరుస్తారు. నువ్వు వీధి గుమ్మం ఫొటో తీస్తానని బయల్దేరి వంటిల్లు ఫొటో తీసుకొచ్చావు.

ఉపరితలమే కావాలంటే, బతికున్న కణాలకి చలిలో సల్ఫో-ఎన్‌హెచ్‌ఎస్-బయోటిన్ తగిలించు. అది పొర దాటి లోపలికి పోదు. తర్వాత పగలగొట్టి, బయోటిన్ ఉన్న ప్రొటీన్లని, బయోటిన్‌కి అంటుకునే స్ట్రెప్టావిడిన్ పూసల మీద పట్టుకో. లేదా పెర్అయొడేట్‌తో చక్కెరల్నే ఆక్సీకరించి పట్టుకునే పద్ధతి ఉంది గానీ, నువ్వు చూడాలనుకున్న చక్కెరే అందులో చెడుతుంది. నీకు మొదటిదే మేలు.

పల్నాటిపిల్ల | బుధవారం, ఉదయం 7:05

2996.5 గురించి ఎవరూ అనలేదు. అక్కడ మూడో చిక్కు కూడా ఉంది అక్కా. న్యూజీసీ ప్లస్ ఫ్యూకోజ్, న్యూఏసీ ప్లస్ గాలాక్టోజ్, రెండు జతల బరువూ ఒకటే. ఆక్సిజన్ ఇటు నుంచి అటు మారిందంతే. మిథైల్ చేసినా మారదు. అంటే 2996.5 అనేది న్యూజీసీ ఉన్న ఫ్యూకోజ్ గొలుసు కావచ్చు, ఫ్యూకోజ్ లేకుండా ఒక హెక్సోజ్ ఎక్కువున్న మామూలు గొలుసూ కావచ్చు. సాఫ్ట్‌వేర్ మొదట చూపించినదాన్ని నమ్మేసి పేపర్లు రాసినవాళ్ళున్నారు.

మిథైల్ చేయకుండా చూసేవాళ్ళకి ఇంకో గుంట ఉంది. ఫ్యూకోజ్ రెండు కలిపితే 292.1, సియాలిక్ ఆసిడ్ ఒకటి 291.1. ఒక్క డాల్టన్ తేడా! ఐసోటోప్ పీకులు పక్కపక్కనే ఉంటాయి కాబట్టి ఇదీ అదీ కలిసిపోతాయి. పర్‌మిథైల్ చేస్తే ఆ తేడా 13 అవుతుంది, అక్కడ మాత్రం బతికిపోతాం.

ల్యాబన్న | బుధవారం, ఉదయం 9:30

స్వాతీ, మిథైలేషన్‌కి సోడియం హైడ్రాక్సైడ్ ఎలా చేశావు? బిళ్ళల్ని డీఎంఎస్‌ఓ అనే ద్రావకంలో నూరావా? విశాఖలో ఇప్పుడు ముసురు కదా. రోట్లో వేసిన బిళ్ళ మనం చూస్తుండగానే చెమట పట్టినట్టు తడుస్తుంది. నీళ్ళు చేరితే మిథైలేషన్ పూర్తి కాదు, ప్రతి పీకుకీ వెనక 14 తక్కువలో ఇంకోటి వస్తుంది. నీకు 2778.4 ఉందా?

నా అనుభవం ఒకటి చెప్పనా? మూడు వారాలు నా స్పెక్ట్రమ్‌లో గ్లైకాన్లే లేవు, 44 తేడాతో దువ్వెన పళ్ళలాగా పీకులు. పాలీఇథిలీన్ గ్లైకాల్ అట. గ్లవ్స్ మార్చాను, ట్యూబులు మార్చాను, చేతికి రాసుకునే క్రీమ్ మానేశాను. చివరికి చూస్తే కణాల్ని పగలగొట్టడానికి వాడిన బఫర్‌లో మా సీనియర్ ట్రైటాన్ అనే డిటర్జెంట్ కలిపి పెట్టాడు! సీసా మీద ‘లైసిస్’ అని మాత్రం రాసి ఉంది. ఆ రోజు నుంచీ నా బఫర్ నేనే కలుపుకుంటున్నాను.

స్వాతిచినుకు | బుధవారం, సాయంత్రం 6:48

పాతత్రాసు గారూ, 1609.8 ఉంది. 1579.8లో పదో వంతు. 1783.9 పక్కన 1813.9 కూడా ఉంది. ఇన్నాళ్ళూ ఎందుకు చూడలేదో! 2700 తర్వాత ప్రాంతాన్నే పెద్దది చేసుకుని చూస్తూ కూర్చున్నాను. ల్యాబన్నా, 2778.4 కూడా ఉంది. బిళ్ళల సీసా మూత సరిగా పట్టట్లేదు, ఎవరు ఎప్పుడు తెరిచారో తెలియదు.

ఏడుపొచ్చింది. కానీ 2822.4 ఐదో వంతు ఉంది, 1609.8 పదో వంతే ఉంది. మిగిలిన సగం?

పాతత్రాసు | బుధవారం, రాత్రి 9:15

ఆ లెక్క మీద మొగ్గకు. గొలుసు పెద్దదయ్యేకొద్దీ మిథైల్ ఎక్కే చోట్లు ఎక్కువ, మురికి పట్టే అవకాశమూ ఎక్కువ. ఐదో వంతు మొత్తం మురికే అయి ఉండొచ్చు.

బోస్టన్‌బాబాయ్ | బుధవారం, రాత్రి 9:58

కాకపోనూవచ్చు! సీరమ్‌లో పెంచిన కణాల్లో న్యూజీసీ లేకపోతేనే నేను ఆశ్చర్యపోతాను. ఎంఎస్-ఎంఎస్ తీయించండి స్వాతి గారూ. ఆ పీకుని ఒక్కదాన్నే పట్టి విరగ్గొడితే, మిథైల్ చేసిన న్యూఏసీ అయితే 376.2, 344.2 ముక్కలు వస్తాయి. న్యూజీసీ అయితే 406.2, 374.2. చూస్తే తేలిపోతుంది.

పాతత్రాసు | బుధవారం, రాత్రి 10:11

ఆ మురికి సియాలిక్ ఆసిడ్ మీదే పడితే? 376.2 ప్లస్ 30 ఎంత బాబాయ్ గారూ?

బోస్టన్‌బాబాయ్ | బుధవారం, రాత్రి 10:14

406.2. సరే, ఒప్పుకున్నాను.

పల్నాటిపిల్ల | గురువారం, ఉదయం 6:40

ఇద్దరూ అసలు మిథైలేషన్ వదిలేసి ఆలోచించండి. డీఎంబీ పద్ధతి ఉంది కదా. 2 మోలార్ అసిటిక్ ఆసిడ్‌లో 80 డిగ్రీల దగ్గర మూడు గంటలు ఉంచితే సియాలిక్ ఆసిడ్లు గొలుసు నుంచి రాలిపోతాయి. వాటికి డీఎంబీ అనే రసాయనం తగిలిస్తే మెరుస్తాయి. మామూలు సీ18 కాలమ్ మీద హెచ్‌పీఎల్‌సీలో (కలిసిన పదార్థాల్ని గొట్టంలో పారించి విడదీసే మెషీన్) ముందు న్యూజీసీ, తర్వాత న్యూఏసీ వేరువేరుగా దిగుతాయి. మిథైలేషన్‌కి వాడే మిథైల్ అయొడైడ్ ముట్టుకోనక్కర్లేదు, హైదరాబాద్ రైలూ ఎక్కనక్కర్లేదు. హెచ్‌పీఎల్‌సీ మీ డిపార్ట్‌మెంట్‌లోనే ఉంటుంది. ఆవు సియాలిక్ ఆసిడ్లు స్టాండర్డ్‌గా పెట్టుకో.

ఇంకోటి. దూడ సీరమ్ ప్రొటీన్లు కణాలకి అంటుకుని కూడా రావచ్చు. కణం తిని తగిలించుకోవడం వేరు, పైన జిడ్డులా అంటుకోవడం వేరు. పీబీఎస్ ఉప్పునీటితో ఎన్నిసార్లు కడిగావు?

స్వాతిచినుకు | గురువారం, ఉదయం 7:22

ఒక్కసారి. 🙈

పల్నాటిపిల్ల | గురువారం, ఉదయం 7:30

మూడుసార్లన్నా కడగాలి అక్కా. దూడ జిడ్డా కాదా చూడ్డానికి ఒక గుర్తుంది. ఆవుల్లో గాలాక్టోజ్ మీద ఇంకో గాలాక్టోజ్ ఎక్కే ఆల్ఫా-గాల్ అనే చివర ఉంటుంది. మనిషికి ఆ ఎంజైమ్ కూడా లేదు, పైగా దాన్ని న్యూజీసీలాగా తిని తగిలించుకోనూ లేదు. అది కనిపిస్తే కడగడం చాలలేదని అర్థం. రెండు కొమ్మలకీ అది ఉండి ఫ్యూకోజ్ ఉంటే 2652.3 దగ్గర చూడు. దాన్ని కూడా విరగ్గొట్టి చూసుకోవాలి సుమా, బరువొక్కటే చాలదు.

బడిపంతులు | గురువారం, రాత్రి 8:05

సగం అర్థమైంది, సగం కాలేదు. కానీ డిటెక్టివ్ నవల చదివినట్టుంది. బరువు చాలనప్పుడు చక్కెరని గుర్తుపట్టే దారి ఇంకేదీ లేదా?

ల్యాబన్న | గురువారం, రాత్రి 8:50

ఉంది మాస్టారూ, మన పొలాల్లోనే. వేరుశనగ గింజలోని పీఎన్‌ఏ అనే ప్రొటీన్ గాలాక్టోజ్, దాని వెనక ఎన్-అసిటైల్ గాలాక్టోజమీన్ ఉన్న చిన్న గొలుసుని పట్టుకుంటుంది. పనస గింజల్లోంచి తీసే జాకలిన్ కూడా అలాంటిదే. వీటిని లెక్టిన్లు అంటారు. రంగు తగిలించి బతికున్న కణాల మీద పోస్తే, పైన ఆ చక్కెర ఉంటే అంటుకుంటాయి. సియాలిక్ ఆసిడ్ ఏ మూలకి అతికిందో కూడా కొన్ని లెక్టిన్లు చెబుతాయి. ఫ్లూ వైరస్‌లకి ఆ తేడా చాలా ముఖ్యం. మనుషుల ఫ్లూ 2,6 బంధాన్ని ఇష్టపడుతుంది, పక్షుల ఫ్లూ 2,3 బంధాన్ని. బరువులో రెండూ సమానమే.

స్వాతిచినుకు | 19 రోజుల తర్వాత, రాత్రి 11:30

ఆలస్యానికి క్షమించండి. కొత్త బిళ్ళల సీసా తెప్పించాను, కొత్త డీఎంఎస్‌ఓ కూడా. ఏసీ గదిలో వాన లేని పూట చూసి నూరాను. కణాలు నాలుగుసార్లు కడిగాను. మళ్ళీ అదే రైలు, అదే టిఫిన్ డబ్బా.

1609.8 లేదు. 2778.4 కూడా లేదు. 2652.3 దగ్గర నేలమట్టం. 2822.4 మాత్రం ఉంది, కానీ బాగా తగ్గింది. మొదటిసారి చూసిన ఎత్తులో మూడో వంతు కూడా లేదు. డీఎంబీ కూడా చేశాను. న్యూఏసీ కొండకి ముందు చిన్న గుట్ట, సరిగ్గా స్టాండర్డ్ న్యూజీసీ దిగిన నిమిషానికే. సీరమ్ లేని మీడియంలో కణాల్ని మెల్లగా అలవాటు చేస్తున్నాను. ఇప్పటికి రెండు పాసేజ్‌లు (కణాల్ని కొత్త గిన్నెలోకి మార్చడం) అయ్యాయి, ఆ గుట్ట తగ్గుతోంది.

అంటే పాతత్రాసు గారు చెప్పిందీ నిజమే, బాబాయ్ గారు చెప్పిందీ నిజమే. గైడ్ గారికి అంతా చెప్పాను. ఆయన నవ్వి, థీసిస్‌లో ఒక పేరా వస్తుందిలే అన్నారు.

పాతత్రాసు | 19 రోజుల తర్వాత, రాత్రి 11:52

బాగుంది. బయోటిన్ చేశావా?

స్వాతిచినుకు | 20 రోజుల తర్వాత, ఉదయం 5:40

మొదటిసారి చేశాను సార్, పూసల మీద చాలా తక్కువ దొరికింది. కోటి కణాలు చాలవు, ఈసారి ఐదు కోట్లు పెంచుతున్నాను. కానీ దొరికినంతలో 2192.1, 2396.2 బాగా పడిపోయాయి, 2966.5 అన్నిటికన్నా పైన ఉంది. వంటిల్లు దాటి గుమ్మం దాకా వచ్చాననుకుంటా.

గుంటూరుఘాటు | 20 రోజుల తర్వాత, ఉదయం 8:10

ఇంతకీ మటన్ సంగతి ఎవరూ తేల్చలేదు.